ఇట్టూప్ సారు పదకొండు కాపీలు

భార్య కట్టిచ్చిన చేపల కూర డబ్బాకు కూడా చిన్న తాళం వేసుకుని ఆఫీసుకు వచ్చే మనిషి, దాన్ని ఎవరు ఎత్తుకుపోతారని అనుకునేవాడు? కొచ్చి శివారు కాక్కనాడులోని ఆ స్ట్రీమింగ్ కంపెనీలో తొమ్మిదేళ్ళు ఆయన పక్క గదిలో కూర్చున్న రెమణికి ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ తెలియదు. ఒకసారి అడిగింది కూడా.

"ఎవరో తెలిస్తే తాళం దేనికి, పేరు రాసి పోలీసులకిస్తాను కదా" అన్నాడాయన.

అనుమానించడమే ఇట్టూప్ సారు ఉద్యోగం. కంపెనీ కొన్న సినిమాలు విడుదలకు ముందే దొంగల చేతిలో పడకుండా చూడాలి. సినిమాను ఎవరికీ అర్థం కాని అంకెల ముద్దగా మార్చి, దాన్ని విప్పే తాళంచెవిని చూడవలసినవాడికి మాత్రమే, చూసేంతసేపు మాత్రమే ఇస్తాడు. అక్కడితో ఆగితే అది ఉద్యోగం. ఆయన ఆగడు. గోడ గడియారం అయిదు నిమిషాలు ముందు నడిస్తే బ్యాటరీ ఎవరు మార్చారని విచారణ మొదలవుతుంది. కాంటీనులో పళంపొరి, అంటే అరటిపండు బజ్జీ, మామూలుకన్నా కాస్త పెద్దదిగా వస్తే, "ఇంత ప్రేమ ఎందుకు?" అని వడ్డించినవాడి ముఖంలోకి చూస్తాడు.

ఒకసారి కంపెనీ యజమాని దివాకర మేనోన్ ఒక దర్శకుణ్ణి కుటుంబంతో సహా పిలిచి ఆఫీసులోనే ఆయన సినిమా వేయించాడు. మాటలు వినబడుతున్నాయి, గోడ మీద మాత్రం చీకటి. దర్శకుడి అత్తగారు ఇదేదో కొత్త రకం సినిమా అనుకుని పది నిమిషాలు శ్రద్ధగా చూసింది.

"ఏమైంది చేట్టా?" అని ఇట్టూప్ సారును అడిగాడు మేనోన్. వయసులో పెద్దవాడని ఆయన్ని అన్నా అనే పిలుస్తాడు.

"అవతలి పరికరం తానెవరో చెప్పడం లేదు. చెప్పనిదానికి బొమ్మ పంపను."

"అది ప్రొజెక్టరు. నిరుడు మీరే కొన్నారు."

"కొన్నప్పుడు మంచిదే. ఈ ఏడాదిలో ఎవరితో తిరిగిందో మనకేం తెలుసు?"

రెమణి పని సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాయడం. తల్లికి తుంటి ఎముక విరిగినప్పుడు ఇంటి నుంచి పనిచేస్తానని మేనోన్‌ను అడిగింది. ఆయన సరేనన్నాడు. ఇట్టూప్ సారు అనలేదు.

"ఇంట్లో ఎవరుంటారు?"

"అమ్మ ఒక్కతే సార్."

"ఫోనుందా ఆవిడకి?"

"కళ్ళు సరిగ్గా కనబడవు సార్."

"చెవులు?"

"వినబడతాయి సార్."

"కథ విని పక్కింటివాళ్ళకి చెప్తే?"

"అమ్మకి ఒక్కోసారి నా పేరే గుర్తుండదు సార్."

"ఆ మాట ఆవిడ చెప్పిందా, మీరు చెప్తున్నారా?"

చివరికి ల్యాప్‌టాప్ చేతికిస్తూ, "ఈ సినిమా పదకొండు మందికి వెళ్తోంది. పదకొండు కాపీలు వేరు వేరుగా చేశాను. మీదే మొదట చేశాను" అన్నాడు.

"అంటే మొదటి అనుమానం నా మీదేనా సార్?"

"అవును."

ఆ తరువాత నెల రోజులు, ఆఫీసుకు వచ్చినప్పుడల్లా ఆయన ఎదురుపడితే రెమణి తల తిప్పుకునే వెళ్ళింది.

సినిమా శుక్రవారం రావాలి. మంగళవారం పొద్దుటికే కొచ్చిలో సగం ఫోన్లలో ఉంది. పదకొండు గంటలకు నిర్మాత హంసక్కోయా కోళిక్కోడ్ నుంచి వచ్చి మేనోన్ బల్లకు ఎదురుగా నిలబడ్డాడు.

"సినిమాని ఇంటికి పట్టుకెళ్ళింది ఎవరు?"

మేనోన్, పొద్దున్నే పిలిపించి పక్కన కూర్చోబెట్టిన రెమణి వైపు చూశాడు.

"అయితే ఇంకేం వెతుకుతారు? ఈవిడ ఇక ఈ ఊళ్ళో ఏ సినిమాకీ ఒక్క అక్షరం రాయకూడదు. అందరికీ నేనే ఫోన్ చేసి చెప్తాను."

"నేనివ్వలేదు ఇక్కా. అన్నలాంటివారు, నమ్మండి. మా అమ్మ మీద ఒట్టు" అంది రెమణి.

"పట్టుబడ్డవాళ్ళందరికీ అమ్మలుంటారు."

కంపెనీ తరువాతి నాలుగు సినిమాలూ హంసక్కోయావే. మేనోన్ రెమణి వైపు తిరిగి, అక్కను పిలిచినంత మెత్తగా అన్నాడు. "చేచ్చీ, కొన్నాళ్ళు మీరు..."

అప్పుడే ఇట్టూప్ సారు తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో ఒక కాగితం, దాని నిండా సున్నలు, ఒకట్లు.

"బయటికి వచ్చినది రెమణి కాపీ కాదు."

"నీకెలా తెలుసు?" అన్నాడు హంసక్కోయా.

"సినిమాని ఆరేసి క్షణాల ముక్కలుగా కోశాను. ప్రతి ముక్కా రెండు రకాలుగా చేశాను. కంటికి తేడా తెలీదు. ఏ రకం తర్వాత ఏ రకం వస్తుందో ఒక్కొక్కరికి ఒక్కో వరుస. పొద్దున్నుంచీ ఆ దొంగ కాపీ ముందు కూర్చుని వరుస రాసుకున్నాను. రెమణిది కాదు."

"మరి ఎవరిది? అందరి ముందూ చెప్పు."

ఇట్టూప్ సారు మొదటిసారిగా తడబడ్డాడు. "నా గదిలోకి రండి కోయాక్కా. చెప్తాను."

"ఇక్కడే చెప్పు."

"వద్దు. రండి."

అయిదు నిమిషాల తరువాత హంసక్కోయా బయటికి వచ్చి, ఎవరినీ చూడకుండా మెట్ల దగ్గరకు పోయి ఫోన్ తీశాడు. గొంతు తగ్గించే మాట్లాడాలనుకున్నాడు గాని ఆ గొంతు తగ్గేది కాదు. "ఒరేయ్ అళియా, బావమరిదివని నమ్మితే నా కాపీ ఒక్కసారి చూసిస్తానని పట్టుకెళ్ళి ఎవడికిచ్చావురా?" అన్నది మూడు అంతస్తులకూ వినబడింది. తిరిగి వచ్చి రెమణి ముందు చేతులు జోడించాడు. "చేచ్చీ, తప్పు నాది."

మేనోన్ నుదురు తుడుచుకున్నాడు. "అందరికీ కలిపి ఒకే గుర్తుతో కాపీలిస్తే చాలని చేట్టాతో నేనే అన్నాను. వినకుండా నాలుగు ఆదివారాలు వచ్చి విడివిడిగా చేశారు. నా మాట విని ఉంటే..."

"మరి నా మీదే మొదటి అనుమానమని ఎందుకన్నారు?" అంది రెమణి.

"నాతోనూ అన్నారు. సినిమా ఇంటికి తీసుకెళ్ళేది ఆవిడ ఒక్కతే, ఏం జరిగినా అందరూ మొదట అనుమానించేది ఆవిడనే, అందుకని బయటికి వచ్చినది ఆవిడది కాదని తేల్చగలిగేలా ఆవిడ కాపీయే మొదట చేయాలి అన్నారు."

రెమణి లేచి పక్క గదిలోకి నడిచింది. కుర్చీ ఖాళీగా ఉంది. గొడుగు లేదు. గబగబా మెట్లు దిగి గేటు దగ్గరకు వెళితే కాపలా తంకప్పన్ ఒక్కడే ఉన్నాడు.

"ఇట్టూప్ సారు వెళ్ళిపోయారా?"

"ఇప్పుడే చేచ్చీ."

"నాకేమైనా చెప్పమన్నారా?"

"లేదు. గేటు దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి నా గుర్తింపు కార్డు చూపించమన్నారు. చూపించాను. 'ఫొటోలో నవ్వుతున్నావు, ఎందుకు?' అని అడిగి, నేను ఆలోచించుకునేలోగా బస్సెక్కేశారు."