ముగ్గు మీద ఎర్ర చుక్క

ఇంజినీరింగులో మా క్లాసు మొత్తానికి అమ్మాయిలం ఇద్దరమే. వర్క్‌షాపు పీరియడ్‌లో అబ్బాయిలు పానాలు పట్టుకుంటే మేం పక్కన నిలబడి రికార్డులు రాసేవాళ్ళం. అందుకే తార్నాకలో నేను అద్దెకున్న ఇంటి మేడమ్ ఒక సోమవారం పిలిచి, "నువ్వు మెకానికల్ కదమ్మా, మా కారు కింద నూనె కారుతోంది, కాస్త చూస్తావా?" అన్నప్పుడు ఎగిరి గంతేసినంత పని చేశాను. నాకేమీ రాదన్న సంగతి ఆ క్షణాన గుర్తే లేదు.

అది పాత ఇంగ్లండు కారు. వయసులో నాకంటే పెద్దది. మేడమ్ భర్త ఎప్పుడో మద్రాసులో వేలంలో కొన్నారట. ఆయన పోయాక మేడమే నడిపేవారు. యూనివర్సిటీలో బోటనీ చెప్పి రిటైరైన మనిషి, పొద్దున్నే ఆ కారులో క్యాంపస్‌కి వెళ్ళి చెట్ల కింద ఓ గంట తిరిగి రాకపోతే ఆవిడకు తెల్లారినట్టుండదు. అప్పట్లో మన రోడ్ల మీద ఎక్కడోగాని కనబడని పవర్ స్టీరింగ్ ఆ కారులో ఉంది. ఒక్క వేలితో తిప్పొచ్చు. మేడమ్ కుడి భుజం రెండేళ్ళ కింద విరిగి సరిగ్గా అతుక్కోలేదు. ఇంకే కారు స్టీరింగూ ఆ చెయ్యి తిప్పలేదు.

ఇప్పుడు ఆ స్టీరింగును తేలిక చేసే ఎర్ర నూనే కారిపోతోంది. నూనె తగ్గినప్పుడల్లా స్టీరింగు మూలుగుతూ బిగుసుకుంటోంది. విజయవాడలో ఉండే ఆవిడ తమ్ముడికి సంగతి తెలిసి, శనివారం వస్తానని ఫోన్ చేశారు. "నేనొచ్చేసరికి బండి కింద ఒక్క చుక్క కనబడినా అమ్మేస్తానక్కా. నడిరోడ్డు మీద బిగుసుకుపోతే ఏం చేస్తావు?" అన్నారట. మేడమ్ ఆ మాట నవ్వుతూనే చెప్పారు గాని, చెబుతున్నంత సేపూ ఎడం చేత్తో కుడి భుజం నిమురుకుంటూనే ఉన్నారు.

ఆ సాయంత్రమే కారు కింద దూరాను. నూనెను తోసే పంపు అడుగున ఎర్రగా తడి కనబడింది. ఇంకేముంది, పంపు నుంచి నూనె కారకుండా ఆపే సీలు పోయిందని తేల్చేశాను. పుస్తకంలో మొదట రాసింది అదే మరి. మర్నాడు కారును క్యాంపస్‌లో మా వర్క్‌షాపుకి తీసుకెళ్ళాం. అక్కడి ఫిట్టరు గారు సీలు వెతికిచ్చి, పానా నా చేతికే ఇచ్చారు. మధ్యాహ్నానికి నా గోళ్ళు నల్లబడిపోయాయి. ఆ చేతులు కడుక్కోకుండా క్యాంటీన్‌కి వెళ్ళి, మా అబ్బాయిలందరికీ కనబడేలా టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. అంత గర్వం నాకు ర్యాంకు వచ్చినప్పుడు కూడా లేదు.

బుధవారం పొద్దున చూస్తే పంపు అడుగున మళ్ళీ తడి.

అప్పుడు నేనో ఘనకార్యం చేశాను. మేడమ్ ఇంట్లో పనిచేసే ఆవిడ అడిక్‌మెట్ నుంచి తెల్లవారకముందే వచ్చేది. గేటు నుంచి కారు నిలిపే చోటు దాకా నీళ్ళు చల్లి, ఊడ్చి, వాకిలి నిండా ముగ్గు వేసేది. నీళ్ళు చల్లితే నూనె ఆనవాళ్ళు పోతున్నాయని, శనివారం దాకా ముగ్గు వద్దన్నాను. "ముగ్గు లేకుంటె వాకిలి ఏం మంచిగుంటది బిడ్డా?" అందావిడ. ఇది సైన్సు, నీకు తెలియదులే అన్నట్టు నవ్వి, కారు కింద పాత పేపర్లు పరిచాను. గురువారానికి ఆ పేపర్లన్నీ నూనె పీల్చుకుని ఒకే పెద్ద మరకయ్యాయి. నాకు తోచిన క్లిప్పులన్నీ బిగించాను. అయినా కారింది.

గురువారం సాయంత్రం మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపొచ్చేలా ఉంది. అంట్లు తోమడానికి వచ్చిన ఆవిడ నన్ను చూసి ఆగింది.

"ఒక మాట చెప్తె ఇంటవా బిడ్డా? మేడమ్ బండి సీదా తెచ్చి ఆపిన నాడు నా ముగ్గు మీద ఏం పడది. గోడ సైడుకు మొత్తం తిప్పి పెట్టిన నాడే పడ్తది. ముందు గీ చక్రం కాడ పడ్తది, ఆ ఎన్క ఇంజిను కింద. ఖరాబయ్యేది నా ముగ్గే, నాకు తెల్వదా?"

"మరి నిన్ననే చెప్పొచ్చుగా?"

"నువ్వు ముగ్గే వద్దంటివి గద."

సిగ్గేసింది, ఆ వెంటనే పట్టరాని సంతోషం. స్టీరింగు చివరిదాకా తిప్పినప్పుడే నూనె మీద ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడే కారుతోందంటే పోయింది సీలు కాదు, ఒత్తిడి మోసే రబ్బరు పైపు. మేడమ్‌ని కేకేసి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. పైపును గుడ్డతో పొడిగా తుడిచాను. పనావిడ తన ముగ్గుడబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. పైపు పొడవునా తెల్లగా ముగ్గుపిండి అద్దాను.

"తిప్పండి మేడమ్. చివరిదాకా."

ఇంజిను మూలిగింది. చక్రం వైపు, రబ్బరు మీద ఇనప మూత నొక్కిన చోట, తెల్లటి పిండిలో ఎర్రటి చుక్క పుట్టింది. ఆవగింజంత ఉన్నదల్లా పెరిగి, ఒక బొట్టు కింద పడి, మిగతాది పైపు వెంట జారి పంపు అడుక్కి చేరింది. నేను మూడు రోజులుగా చూసిన తడి అదే. దొరికింది దొరికింది అని వాకిలంతా గెంతాను. మేడమ్ ఇంజిను ఆపి, దిగి వచ్చి, ఆ చుక్కను వేలితో తాకి చూసుకున్నారు.

శుక్రవారం క్లాసులు ఎగ్గొట్టి, పైపు విప్పి సంచిలో వేసుకుని అంబర్‌పేట్ బస్సెక్కాను. ట్రాక్టర్లకు నూనె పైపులు చేసే దుకాణం ఒకటి అక్కడుందని ఫిట్టరు గారు చెప్పారు. దుకాణదారు పైపును అటూ ఇటూ తిప్పి, "గిది ట్రాక్టర్‌ది గాదు గద" అన్నాడు. కారుది అంటే నన్నొకసారి ఎగాదిగా చూసి, పాత ఇనప కొనలకే కొత్త రబ్బరు పెట్టి మిషన్లో నొక్కి ఇచ్చాడు. తిరుగు బస్సులో ఆ పైపును గుండెకు ఆనించుకుని నిలబడ్డాను, కూర్చోవడానికి సీటున్నా.

సాయంత్రానికి బిగించాను. కొత్త నూనె పోసి, బుడగలు పోయేదాకా స్టీరింగు నెమ్మదిగా అటూ ఇటూ తిప్పించాను. తర్వాత ముగ్గురం క్యాంపస్‌కి వెళ్ళాం. ముందు సీట్లో పనావిడ, వెనక నేను. ఖాళీ రోడ్డు చూసి మేడమ్ పెద్ద పెద్ద చుట్లు తిప్పారు, ఒక్క వేలితో. "ఇంకింత తిప్పుండ్రి మేడమ్, చూద్దాం" అంటోంది పనావిడ. నాకు నవ్వు ఆగడం లేదు.

ఇంటికి రాగానే పనావిడ మమ్మల్ని గేటు బయటే ఆపి, కారు నిలిపే చోటంతా ముగ్గుతో నింపేసింది. మేడమ్ దాని మీదికే కారు తెచ్చి, స్టీరింగు గోడవైపు మొత్తం తిప్పి, అలాగే ఇంకాసేపు ఇంజిను నడిపి ఆపారు.

శనివారం పొద్దున తమ్ముడు రైలు దిగి వచ్చారు. మంచినీళ్ళయినా తాగకుండా కారు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగారు. "బండి కింద ముగ్గేమిటి?" అన్నారు.

"సుక్క పడితె కానరావాలె గద సారూ" అంది పనావిడ.

టైర్ల గుర్తులు తప్ప ముగ్గంతా తెల్లగా ఉంది. ఆయన చాలాసేపు చూశారు. లేచి, ప్యాంటుకంటిన పిండి దులుపుకోకుండానే అక్క వైపు తిరిగారు.

"సాయంత్రం ఆరింటికి నా రైలక్కా. స్టేషన్‌లో దింపుతావా?"

 మేడమ్ గుమ్మం పక్క మేకుకు వేలాడుతున్న కారు తాళాల కోసం కుడి చెయ్యే చాపారు.