పులివెందులకు కంబళి

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. బడుల ఇన్‌స్పెక్టరు గారి కాళ్ళ ముందు నా భూగోళం బద్దలైనప్పుడు నాకు ఏడుపు రాలేదు, ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ రోజు నేనెంత కుమిలిపోయానో అని మా బంధువులు ఇప్పటికీ జాలిపడుతుంటారు, ఆ జాలిని కాదనడానికి నోరు రాక ఊరుకుంటాను. ఆ రోజుల్లో నోరు రాకపోవడమే నా జబ్బు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ప్రొద్దుటూరు నుంచి వచ్చి, జమ్మలమడుగులో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. పుస్తకాలు చదవడం, డైరీ రాసుకోవడం తప్ప మనుషులతో మాట్లాడడం చేతనయ్యేది కాదు. నా పాఠం ముందు బెంచీ వరకే వినబడేది (వెనక బెంచీ వాళ్ళు నా పెదవులు చూసి రాసుకునేవాళ్ళు, అందుకే వాళ్ళ పుస్తకాల్లో గోదావరి ఒక్కో రోజు ఒక్కో చోట పుట్టేది).

నన్ను ఉద్యోగానికి పంపడం మా నాయనకు సగం ఇష్టం, సగం భయం. "ఇన్‌స్పెక్టరు వచ్చి నీ పాఠం బాగుందంటే ఉండు. లేదంటే మూటాముల్లె సర్దుకోని ఇంటికి రా" అని తేల్చేశాడు. ఇంటికి పోవడమంటే పుస్తకాలు అటకెక్కడమే. అందుకని ఇన్‌స్పెక్టరు రావాలనీ ఉండేది, ఆయన దారిలోనే ఆగిపోతే బాగుండుననీ ఉండేది. తీరా ఆయన వేసవిలో వస్తున్నాడని తెలిసింది. నాకు పడిన పాఠం 'గాలి వేడిమి, దాని కారణాలు'. బడిలోని గ్లోబు ఎప్పుడో ఇరుసు విరిగి అలమరలో పడి ఉంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? సంతలో గుండ్రటి గుమ్మడికాయ ఒకటి కొనుక్కొచ్చి, తలుపు మూసుకుని భూమిని తయారుచేశాను. నడుము చుట్టూ ఎండ నేరుగా పడే చోట కుంకుమ, దానికి పైనా కిందా పసుపు, రెండు కొసలకూ మంచుకు గుర్తుగా సున్నం. ఎంత ముద్దొచ్చిందో! మరునాడు ఆయన వస్తున్నాడన్న కంగారులో ఆ భూమిని ఇంట్లో గూట్లోనే మరచి బడికి పోయాను.

గూట్లో కాయను మా పెద్దమ్మ చూసింది. పసుపు, కుంకుమ, సున్నం పెట్టిన గుమ్మడికాయ మా వైపు దేనికి పనికొస్తుందో మీకు చెప్పనక్కరలేదు. పాప, అంటే నేను, ఉద్యోగం నిలవాలని ఇన్‌స్పెక్టరుకు దిష్టి తీయాలనుకుంది, పాపం సిగ్గుపడి కాయను ఇంట్లోనే వదిలిపోయింది అనుకుంది ఆ తల్లి. కొంగున కర్పూరం ముడివేసుకుని బడికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు జీపు దిగి గేటు దగ్గర నెత్తి తుడుచుకుంటున్నాడు. కోస్తా మనిషి, నున్నటి బట్టతల. ఆయన నోరు తెరిచేలోగా పెద్దమ్మ కాయ మీద కర్పూరం వెలిగించి, ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఊళ్ళో వాళ్ళ కండ్లు, దోవలో వాళ్ళ కండ్లు, అన్నీ ఇందులోనే పోవాల!" అంటూ నేలకేసి కొట్టింది.

గింజలు ఆయన పంచె మీద పడ్డాయి. స్వాగతానికి వరసగా నిలబెట్టిన పిల్లలు గుడ్లప్పగించారు. సరిగ్గా అప్పుడే నాకు ఆ హాయి కలిగింది. భూమి లేదు కనుక పాఠం లేదు!

"ఏమిటండీ ఇది?" అన్నాడాయన, ఎవరిని అడగాలో తెలియక నన్నే చూస్తూ.

"భూగోళం సార్" అన్నాను. అంత గట్టిగా వచ్చిన నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"భూగోళమా! మరి ఈ కుంకుమ?"

"ఉష్ణమండలం సార్."

"పసుపు?"

"సమశీతోష్ణ మండలం సార్."

"ఈ సున్నం?"

"ధ్రువాలు సార్, మంచు."

పెద్దమ్మ చెంపలు వాయించుకుంది. "ఓసి నీ పాసుగాల! భూమని ఒక మాట చెప్పొద్దంటే మేయ్? నేను దిష్టికాయనుకుంటి గదా!"

ఆయన పంచె దులుపుకుంటూ, "పగిలితే పగిలింది. ముక్కలతోనే చెప్పండి, వింటాను. ముందు ఇది చెప్పండి. మా ఊళ్ళోనూ ఇదే సూర్యుడు కదా, ఇక్కడ నన్నెందుకిలా వేపుతున్నాడు?" అన్నాడు.

పారిపోవడానికి దారి లేదు. మొత్తం బడి గేటు దగ్గరే ఉంది. "మీ ఊరికి సముద్రం ఉంది సార్. నీళ్ళు మెల్లగా కాగి మెల్లగా చల్లారుతాయి. మాకున్నది పెన్నలో ఇసుక" అన్నాను. పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నాకెక్కడలేని ధైర్యమిచ్చింది. చేతికందిన కుంకుమ ముక్క ఎత్తి, నేరుగా పడే ఎండకూ ఏటవాలుగా పడే ఎండకూ తేడా చూపించాను. ఎండ గాలిని తిన్నగా వేడిచేయదనీ, పొయ్యి పెనాన్ని కాలిస్తే పెనం రొట్టెను కాల్చినట్టు, ఎండ నేలను కాలిస్తే నేల గాలిని కాలుస్తుందనీ చెప్పాను. చెట్టూ చేమా ఉన్న నేల అంత తొందరగా కాగదన్నాను. కొండాపురం నుంచి వచ్చి చదువుకునే పిల్లొకతె వెంటనే అందుకుంది.

"అందుకేనా టీచరమ్మా, సారు తల అట్ల కాగుతాండేది? ఆడ చెట్లే లేవు గదా!"

పెద్ద పంతులమ్మ కళ్ళు మూసుకుంది. ఇన్‌స్పెక్టరు గారు తల తడుముకుని, "ఉదాహరణ బాగుంది" అన్నాడు నవ్వుతూ. ఆ పిల్ల ఇంకా వదల్లేదు. "మరి మిద్దెక్కితే సూర్యుడు దగ్గరైతాడు గదా. కొండ మీద ఇంకా కాలాల. ఊటీలో చలెందుకు?"

"గాలికి పొయ్యి నేల. పొయ్యికి దూరంగా, పైపైకి పోయేకొద్దీ గాలి పలచబడి చల్లబడుతుంది" అన్నాను.

"పులివెందుల మనకంటే ఎత్తేనా?" మళ్ళీ ఆ పిల్లే.

"కొంచెం ఎత్తే."

"అయితే ఆడ చల్లగుంటాదన్నమాట" అంది పెద్దమ్మ, పిల్లల వరసలో చేరి నిలబడి.

గంట కొట్టేదాకా ఆ ఎండలోనే మాట్లాడానట. నాకు గుర్తున్నది ఆయన జీపెక్కుతూ అన్న మాట ఒక్కటే. "పులివెందుల బడికి భూగోళం టీచరు కావాలి. మీ లెక్క ప్రకారం చల్లటి ఊరు. వెళతారా?" ఆ పూట డైరీలో 'భూగోళం పగిలింది, నేను బతికాను' అని రాసుకున్నాను. నాయన మళ్ళీ సగం భయపడ్డాడు గాని, పెద్దమ్మ ప్రొద్దుటూరుకు పోయి మరీ తగువేసుకుంది. "నీ కూతురు నోరు తెరిచేదానికి ఒక భూమి పగలాల్సొచ్చెనప్పా! ఇంక మూయించొద్దు!"

బడులు తెరిచే ముందు బస్సెక్కాను. వాన చినుకు లేదు, బస్సు రేకు తాకితే చెయ్యి బొబ్బెక్కేలా ఉంది. పెద్దమ్మ చంకలో పెద్ద మూటతో నా కిటికీ దగ్గరికి పరుగున వచ్చింది. ఆమె మూట విప్పితే గొర్రెబొచ్చు కంబళి! బస్సులో జనమంతా నవ్వారు. నేను తల దించుకుని కిటికీ వైపు తిరిగి, ఆమెను తొందరగా పొమ్మన్నట్టు సైగ చేశాను. పులివెందులలో ఆ కంబళి ఒక్కనాడూ కప్పుకోలేదు (ఎండ జమ్మలమడుగుకు ఏమాత్రం తీసిపోలేదు). మడిచి మిద్దె మీద తలకింద పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత పెద్దమ్మను నేను చూడలేదు, దసరా సెలవులకు ముందే ఆమె పోయిందని కబురొచ్చింది. ఇప్పుడు ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పేటప్పుడు, కిటికీ వైపు తిరిగిన ఆ సిగ్గులమారి పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. నా పాఠాన్ని ఒక్క మాట అనుమానించకుండా నమ్మిన మనిషి కిటికీ అవతలే నిలబడి ఉందని దానికి అప్పుడు తెలిసింది కాదు. బస్సు కదులుతుంటే కంబళిని ఊచల్లోంచి నా ఒళ్ళోకి తోస్తూ పెద్దమ్మ అంది: "నవ్వేటోళ్ళను నవ్వనీలే పాపా. ఎత్తుకు పోతాండావు, చలేస్తాది. నువ్వు చెప్పిందే గదా, కప్పుకో."