పదకొండు కుర్చీల ధనవంతురాలు

రోజూ పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు, మా వీధి కుర్చీలక్క బాగుకు వచ్చిన ప్రతి కుర్చీ మీదా అరచెయ్యి ఆనించేది. అందులో కూర్చోబోయేవాళ్లను చల్లగా చూడమని దేవుణ్ణి అడిగి, ఆ తర్వాతే నానబెట్టిన పేము బద్దలు చేతికి తీసుకునేది. ఆమెది ఒకటే గది. ఆయాసం మనిషైన భర్త ఆ కుర్చీల మధ్యే చాప మీద ఒదిగి పడుకునేవాడు.

పేదల జాబితా సరిచూసే అధికారి వచ్చి పదకొండు కుర్చీలు లెక్కపెట్టాడు. నాలుగుకు మించి కుర్చీలున్న ఇల్లు పేదది కాదని అతని కాగితంలో ఉంది.

"అవి ఊళ్లోవాళ్లవి బాబూ. నాదల్లా ఆ చాపొక్కటే."

"ఎవరివో రాయడానికి ఇందులో గడి లేదమ్మా. ఇంట్లో ఉన్నవి ఇంటివాళ్లవే."

జాబితాలో పేరు పోయింది. భర్తకు ఉచితంగా వచ్చే మందూ ఆగిపోయింది. మూడు నెలలు ఆమె కాళ్లరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. పక్కింటి దర్జీ తల్లి తన ఆయాసం మందులో సగం పంచి ఇస్తుంటే, దాంతోనే ఆయన నెట్టుకొచ్చాడు.

అప్పుడు ఆ ఆఫీసు కుర్చీలే ఆరు ఆమె దగ్గరికి బాగుకు వచ్చాయి. వాటి మీద మాత్రం ఆమె చెయ్యి ఆనించలేదు. పళ్లు బిగించి అల్లింది. వెనక్కి పంపలేదు. బంట్రోతు రెండుసార్లు వట్టి చేతులతో తిరిగి వెళ్లాడు. మూడోసారి అతని వెంట ఆ జాబితా అధికారే వచ్చాడు. మర్నాడు పైఅధికారి తనిఖీ ఉంది మరి.

"మా కుర్చీలేవమ్మా?"

"మీవి ఇక్కడెందుకుంటాయి బాబూ? ఇంట్లో ఉన్నవి ఇంటివాళ్లవేగా."

"వేళాకోళమా? పోలీసుల్ని పిలిపిస్తాను."

"పిలవండి. మీ కాగితం కూడా చూపిద్దాం. పదకొండూ ఆరూ పదిహేడు. నాకన్నా కలిగినవాళ్లు ఈ వీధిలో ఎవరున్నారు?"

వాకిట్లో చేరిన జనం నవ్వారు. ఎవరి మీదా పగ వద్దని రోజూ ప్రార్థించే నాకూ, ఆ గుంపులో నిలబడి నవ్వాగలేదు.

చివరికి అతను దిగివచ్చి, పేరు మళ్లీ చేరుస్తానన్నాడు. రాయడానికి దగ్గరున్న కుర్చీలో కూర్చోబోతే ఆమె దాన్ని పక్కకు లాగేసింది.

"అది ఇంకా నాదే. కింద కూర్చోండి. ఎవరివని అడిగే గడి ముందు గీయండి."

అతను నేల మీద కూర్చుని గడి గీశాడు, అందులో 'ఊరివాళ్లవి' అని రాశాడు, సంతకం చేశాడు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

బంట్రోతు అయిదు కుర్చీలు బండికెక్కించి ఆగాడు. "ఆరోదేది చెల్లెమ్మా? అది అయ్యగారు కూర్చునేది."

"అన్నయ్యా, ఒక్క సాయం చెయ్యి. మా ఆయన మందు నా చేతికొచ్చేదాకా అది నా దగ్గరే ఉంటుంది. రేపు అడిగితే, అల్లిక ఇంకా ఆరలేదని చెప్పు."