ముందు చక్రాలకా, వెనక చక్రాలకా

జులైలో స్కూలు సెలవులకి మంచు చూపిస్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. ఈ దేశంలో చలికాలం జులైలోనే; మా టూంగాబీ ఊళ్ళో అదంటే పొద్దున స్వెటర్ వేసుకుని, పదకొండింటికి విప్పి చంకలో పెట్టుకోవడమే. కారుని మంచుకొండలకి ఎలా సిద్ధం చేయాలో నాకు తెలియదు. ఆ సంగతి పక్క వీధి డాక్టర్ అంకుల్ దగ్గర ఒప్పుకున్నాను.

అంకుల్ మత్తు డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఎదుటివాళ్ళు ఎదురుచెప్పకుండా పడి ఉండడం ఆయనకు వృత్తిరీత్యా అలవాటు.

"ఆ కొండలకి పద్దెనిమిది సార్లు వెళ్ళాను బాబూ. నీ కారు నాకొదిలెయ్," అన్నారు.

శనివారం వచ్చి బానెట్ ఎత్తించారు. కూలెంట్ డబ్బాని ఎక్స్‌రే చూసినట్టు వంగి చూసి, "గడ్డకట్టేస్తుంది, మార్చు," అన్నారు. బ్యాటరీని చూసి, "వీక్. మార్చు." బ్లాక్‌టౌన్‌లో మెకానిక్ రెండూ పరీక్షించి, ఇవి అంటార్కిటికాకైనా సరిపోతాయన్నాడు. అయినా మార్పించాను. మెకానిక్‌కన్నా మత్తు డాక్టర్ని నమ్మినవాణ్ణి మా పేటలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ కొండల మీద మంచులో జారకుండా టైర్లకి ఇనుప చెయిన్లు తొడగాలి. మా ఇంటి ముందే రిహార్సల్ పెట్టారు అంకుల్. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పల్లీలు తింటూ చెబుతుంటే, నేను నేలమీద బోర్లా పడుకుని వెనక చక్రాలకి తొడుగుతున్నాను. మా ఆవిడ కారు మాన్యువల్ పట్టుకుని బయటికొచ్చింది.

"ఏవండీ, ఇందులో ఫ్రంట్ వీల్స్‌కే వెయ్యాలని ఉంది. మనది ఫ్రంట్ వీల్ డ్రైవ్, ఇంజను తిప్పేది ముందు చక్రాల్నే కదా?"

"అమ్మా, మాన్యువల్ రాసేవాళ్ళు ఆఫీసులో కూర్చుని రాస్తారు," అన్నారు అంకుల్. "బరువంతా ఎక్కడుంటుంది? లగేజీ ఉన్నచోట. లగేజీ ఎక్కడ? వెనక."

మా ఆవిడ చెప్పిందే సబబని నాకు తెలుస్తూనే ఉంది. అయినా తలాడించాను. పెద్దాయన మీద గౌరవం అని పేరు పెట్టుకున్నాను గాని, అది ఉత్త పిరికితనం.

ప్రయాణంలో అంకుల్ కూడా వచ్చారు. పిలిచింది ఎవరో మాకెవరికీ గుర్తులేదు. ఆయన ముందు సీట్లో, మా ఆవిడా అమ్మాయీ వెనక.

కొండ దారిలో చెయిన్లు తొడగడానికి కేటాయించిన చోట ఆపాను. వేళ్ళు కొయ్యబారిపోయాయి. అంకుల్ అద్దం దించి సూచనలిస్తుంటే, నలభై నిమిషాలు కష్టపడి వెనక చక్రాలకే తొడిగాను. స్టార్ట్ చేశాక ముందు చక్రాలు గిర్రున తిరిగాయి. కారు ముందుకి పోకుండా మెల్లగా పక్కకి జారి, మంచుకుప్పకి ముక్కు ఆనించి ఆగింది.

నారింజ రంగు జాకెట్ వేసుకున్న రోడ్డు సిబ్బందిలో పెద్దావిడ ఒకామె నడుచుకుంటూ వచ్చి, వంగి చూసి, "అదర్ ఎండ్, లవ్," అంది, ముందు చక్రాలు చూపిస్తూ.

"డాడీ, మమ్మీ టోల్డ్ యూ," అంది మా అమ్మాయి.

మా ఆవిడ గిన్నెలు కడిగే రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని దిగింది. ఆ పెద్దావిడా తనూ కలిసి పది నిమిషాల్లో చెయిన్లు తీసి ముందు చక్రాలకి వేశారు.

పైకి చేరాక అంకుల్ పక్కన నిలబడి, ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను. "పద్దెనిమిది సార్లూ వెనకే వేశారా అంకుల్?"

ఆయన బూటుకంటిన మంచు దులుపుకున్నారు. "ఎప్పుడూ వెయ్యలేదు బాబూ. వచ్చిందంతా జనవరిలోనే."

జనవరి అంటే ఇక్కడ నడివేసవి.

"అప్పుడీ కొండంతా పూలు," అన్నారు. "మా పిల్లలు మంచు కావాలనేవాళ్ళు. జులైలో నాకెప్పుడూ డ్యూటీ. ఆ తర్వాత వాళ్ళు అడగడం మానేశారు."

గ్లవ్ తీసి, గుప్పెడు మంచు అరచేతిలో పెట్టుకుని అది కరిగేదాకా చూశారు. నా ఉక్రోషం ఎటో పోయింది. ఈలోగా మా అమ్మాయి విసిరిన మంచుముద్ద ఆయన వీపుకి తగిలింది. ఆయన అరిచిన అరుపుకి చుట్టుపక్కలవాళ్ళంతా తిరిగి చూశారు. మరు నిమిషంలో ఇద్దరూ ఒకరినొకరు తరుముకుంటున్నారు.

కొండ దిగేటప్పుడు కారాపగానే ఆయన హుషారుగా తలుపు తీశారు. "అమ్మా, చెయిన్లు విప్పడంలో ఒక టెక్నిక్ ఉంది, చూపిస్తాను."

"మీరు కూర్చోండి అంకుల్," అని మా ఆవిడ టీ ఫ్లాస్కు ఆయన ఒళ్ళో పెట్టి తలుపు మూసేసింది.