నలభై రెండు చింతకాయల పాట

ఠక్. ఠక్. ఠకఠక్.

మట్టిగోడకు అవతల రాతి మీద రాయి పడుతోంది. ఆ దెబ్బల నడుమ నుంచి ఒక ఆడగొంతు ఎండలోకి ఎగిరిన పిట్టలా లేచింది. చంద్రగిరి వీధిలో సైకిలు తొక్కుతున్న కాశింవలి కాలు కింద పెట్టేశాడు.

తిరుపతిలో గ్రామఫోన్లు బాగుచేసే కాశింవలికి ఇరవయ్యేళ్ళుగా ఒకటే గుబులు. తెగిన స్ప్రింగులు మార్చి ఎవరెవరి గొంతులకో ప్రాణం పోశాడు. ఈ నేల గొంతు ఒక్కటీ ఆ గ్రామఫోన్ పళ్ళెం మీద తిరగలేదు. స్వతంత్రం వచ్చిన మరుసటేడు, తానే సొంతంగా రికార్డులు వేయాలని తీర్మానించుకున్నాడు. గొంతు కోసం వెతుకుతుంటే గోడ అవతల దొరికింది. కంపెనీకి పేరూ అక్కడే దొరికింది: చింతకొమ్మ.

చింతపండు కొడుతున్న తిరుమలమ్మ సంగతి విని నవ్వింది. "నా పాటను పళ్ళెంలో పెట్టి ఎవరికి వడ్డిస్తావు సాయిబూ?"

"ఊరికంతా అక్కా."

"రాయి లేకుంటే నాకు పాట రాదు మరి."

"రాయీ వస్తాది, కాయలూ వస్తాయి. నువ్వు రైలెక్కు."

మద్రాసులో ఒక కంపెనీ పాట పట్టి అచ్చువేసి ఇస్తామంది. ఉన్న డబ్బుతో కాశింవలి కొనగలిగింది, సూది పాటను గీసే మైనపు పలకలు రెండే. ఒకటి పాటకు, ఒకటి తప్పుపోతే. రికార్డు రెండో వైపు నున్నగా వదిలేయాలనుకున్నాడు. "ఆ పక్క ఏముండాది?" అని తన అంగట్లో ఎవరో ఎగతాళి చేస్తే, "ఆ పక్క నువ్వు పాడుకో అబ్బా" అన్నాడు.

మద్రాసు కంపెనీ గదిలో తిరుమలమ్మ రాయీ, చింతకాయల గంపా ముందు పెట్టుకొని కూర్చుంది. పాట పట్టడం మొదలైందని చెప్పే ఎర్రదీపం వెలిగింది. తిరుమలమ్మ కళ్ళు మూసుకొని పాట ఎత్తుకుంది. మూడు నిమిషాలయ్యాయి. సూది పలక మధ్యకు చేరింది. దీపం ఆరింది. పాట ఆగలేదు. కాశింవలి రెండు చేతులూ ఊపాడు. యంత్రం నడిపే ఏకాంబరం తల పట్టుకున్నాడు.

"అయిపోయింది అక్కా, నిలిపేయ్!"

"యాడయిపోయింది? గంపలో కాయలుండాయి గదా. గంప ఖాళీ కాకముందే పాట నిలిపేది మా ఇండ్లలో లేదు."

మైనపు తురుము నేల మీద చుట్టలు చుట్టుకొని పడి ఉంది. ఇక మిగిలింది ఒక్క పలక. అదీ పోతే చింతకొమ్మ పూయకుండానే విరిగిపోతుంది.

"మూడు నిమిషాలే అక్కా."

"నిమిషాలు నాకేం తెలుసు? కాయల్లో చెప్పు."

కాశింవలి గంతేసినంత పని చేశాడు. ఏకాంబరం గడియారం పట్టుకున్నాడు, ఆమె కొడుతూ పాడింది, కాశింవలి కాయలు లెక్కపెట్టాడు. మూడు నిమిషాలకు నలభై రెండు. గంపలో మిగిలినవన్నీ గది బయట కుమ్మరించి, సరిగ్గా నలభై రెండు ఏరి వేశాడు.

మళ్ళీ ఎర్రదీపం. గొంతు లేచింది. గది కప్పు తెరుచుకొని ఆకాశం లోపలికి దిగినట్టయింది. పన్నెండు. ఇరవై. కాశింవలి గుండె రాయితోపాటు కొట్టుకుంటోంది. నలభై. నలభై ఒకటి. చివరి కాయ చిట్లింది. పాట గంప అడుగును తాకి నిలిచింది. మరుక్షణం దీపం ఆరింది.

"సాలునా?" అంది తిరుమలమ్మ కళ్ళు తెరుస్తూ. ఏకాంబరం చప్పట్లు కొట్టాడు.

రికార్డు వచ్చిన రోజు అంగడి ముందు వీధి నిండిపోయింది. అందరూ పాట వింటుంటే తిరుమలమ్మ మాత్రం వేళ్ళు మడుస్తూ వింది. "నలభై రెండూ ఉండాయి" అంది చివరికి. "ఒక్కటీ కాజేయలేదు మద్రాసోళ్ళు."

చింతకొమ్మ మీద తర్వాత పదకొండు రికార్డులొచ్చాయి. అన్నిటికీ రెండు వైపులా గొంతులున్నాయి. ముసలితనంలో, తన కథ రాయడానికి వచ్చినవాడికి ఆ మొదటిది వినిపించి, సూదిని నెమ్మదిగా పైకెత్తి కాశింవలి అన్నాడు:

"నువ్వూ కథ రాసేముందే కాయలెంచుకోప్పా. అయిపోయినాక ఉత్త రాయి కొట్టగాకు."