బోణీ కాని చేట

మా వర్తూరు అపార్ట్‌మెంటు వాళ్ళు ఒక ఆదివారం ‘హెరిటేజ్ వాక్’ పెట్టుకున్నారు. గంట ప్రయాణం అవతల నేను పుట్టిన ఊళ్ళో జరిగే వారసంతకు. దారి చూపే పని నాకు అప్పగించారు. అప్పగించకపోయినా లాక్కునేదాన్నే. సంతలో దుమ్ము తప్ప చూడ్డానికేముందని వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాస్తే, రెండు రోజులు ఆయనతో పోట్లాడినదాన్ని మరి.

బస్సులోనే ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఆ సంతలో బేరం కన్నడంలో మొదలై తెలుగులో తెగుతుందని, తెగకపోతే తమిళంలో తిట్టుకుంటారని చెప్పాను. అందరూ నవ్వారు. నాకు ఇంకా ఊపొచ్చింది.

మేం వెళ్ళేసరికి మా మేనత్త అప్పుడే నేల మీద నీళ్ళు చల్లి, తాను అల్లిన వెదురు చేటలు పరుస్తోంది. ఎదురుగా ప్లాస్టిక్ చేటల బండి. ఆ బండి వచ్చినప్పటి నుంచి కొన్ని వారాలైతే అత్త తెచ్చినవన్నీ తెచ్చినట్టే మోసుకుపోతోంది. నేనొక చేట ఎత్తి, మెంతిపిండి పూసిన అల్లిక అందరికీ చూపించాను. బేరం ఎలా సాగుతుందో కూడా చూపిద్దామని ధర అడిగాను. అత్త చెప్పింది. సగానికి అడిగాను. కొంచెం దిగింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. “చూశారా, ఇక్కడ ధర మాటలోంచి పుడుతుంది” అని, చేట అక్కడే పెట్టి ముందుకు నడిచాను.

వెనక్కి తిరిగి చూస్తే అత్త ఆ చేటను బోర్లించి కూర్చుంది.

అప్పుడు వెలిగింది. ఇంకా బోణీ కాలేదు. మొదటగా బేరమాడిన మనిషి కొనకుండా పోతే ఆ రోజంతా అంతేనని మా వాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు నాకు నేర్పింది ఆమే. గబగబా వెళ్ళి డబ్బు చాపాను. తీసుకోలేదు.

“వాళ్ళకు తెల్దు. నీకు తెలుసు గదమ్మా” అంది. “ఇప్పుడు జాలికి ఇస్తాండావు. జాలి బోణీ అవతాదా?”

చాపిన డబ్బు వెనక్కి తీసుకున్నాను.

మిగతావాళ్ళు ఇడ్లీలకు వెళ్ళారు. నేను అత్త పక్కన గోనెసంచి మీద కూర్చున్నాను. ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ప్లాస్టిక్ బండి వైపు మళ్ళుతున్నారు. ఇడ్లీలు తినొచ్చి ఫోటోకని వంగిన మా బస్సులో ఆవిడ ధర అడగబోతే, కొనేదుంటేనే నోరు తెరవమన్నాను. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు.

చివరికి రాగులు అమ్ముకోవడానికి వచ్చిన ఒకావిడ ఆగింది. బోర్లించిన చేటనే తిప్పి, వేలితో తట్టి, చంకలో పెట్టుకుని ఒక నోటు అందించింది. అత్త ఆ నోటు కళ్ళకద్దుకుని, “ఇంగ పో. బస్సు కాసుకోనుండాది” అంది నాతో.

ఎంతని అడక్కుండా నేనూ ఒక చేట తీసుకున్నాను. పొద్దున చెప్పిన దానికన్నా ఎక్కువే చెప్పింది. బేరమాడలేదు.