సూర్యాపేటలో నీళ్ళను విడగొట్టిన రోజు

ఎనభైల చివర్లో ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరడానికి ఒక డిగ్రీ, రెండు మంచి చీరలు, బోలెడు ధైర్యం ఉంటే సరిపోయేది. మొదటి రెండూ నా దగ్గర ఉన్నాయి. కోదాడ నుంచి వచ్చి సూర్యాపేటలో ఒక చిన్న బడిలో చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. పరమాణువులు, మూలకాలు, బంధాలు ఏవి ఏ పేజీలో ఉన్నాయో బొమ్మలతో సహా చెప్పగలను. (పేజీ దాటి బయటికొస్తే మాత్రం కష్టం.) నేను "అలాగేనండి" అంటే చాలు, మా ఆంధ్రా సరిహద్దు యాసకు పిల్లలు బెంచీల కింద తలలు పెట్టి నవ్వుకునేవాళ్ళు.

బడి పెట్టింది బియ్యం మిల్లున్న ఒక పెద్దాయన. ఊరంతా ఆయన్ని సేటు అనేది. ఆ ఏడే పదో తరగతి తెరిచాడు, దానికి గుర్తింపు ఇంకా రాలేదు. నల్గొండ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చి, పాఠం విని, సరేనంటేనే వస్తుంది. లేకపోతే పిల్లలు వేరే బడి చూసుకోవాలి. మగపిల్లలు చూసుకుంటారు. ఆడపిల్లలు పదకొండు మంది. "గీడ అయితే సదువు, లేకుంటే సాలు" అని వాళ్ళ ఇళ్ళలో ముందే తేల్చేశారు. ఆ పదకొండు మందిలో మేము 'ఎందుకమ్మ' అని పిలుచుకునే పిల్ల ఒకతి. సోడియం తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది, అలా ఉప్పు తయారవుతుంది అని చెప్పిన రోజు "ఊకెనే ఎందుకిస్తది టీచర్?" అంటూ పీరియడంతా నన్ను కాల్చుకు తింది.

ఇన్‌స్పెక్టర్ రేపే వస్తున్నాడని ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. "గట్టి ప్రయోగం ఒకటి సూపియ్యమ్మా, ఉత్త మాటలతోని అయ్యేటట్టు లేదు" అన్నాడు సేటు. నీళ్ళను విడగొట్టి చూపిస్తానన్నాను. నీళ్ళలోకి కరెంటు పంపితే ఒక గొట్టంలో హైడ్రోజన్, ఇంకో గొట్టంలో ఆక్సిజన్ చేరతాయి. మూలకమంటే ఏమిటో, సమ్మేళనమంటే ఏమిటో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. పాత టార్చి సెల్లులు పగలగొట్టి బొగ్గు కడ్డీలు తీశాం. కరెంటు కోసం సేటు తన ట్రాక్టరు బ్యాటరీ విప్పించి పంపాడు. ఇక నీళ్ళలో నాలుగు చుక్కలు సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపాలి, లేకపోతే కరెంటు సరిగ్గా పారదు. తీరా చూస్తే ఆమ్లం సీసా ఖాళీ! కంసాలి కొట్టు, మందుల దుకాణం, తెలిసిన లెక్చరర్ ఇల్లు అన్నీ తిరిగాను, ఎక్కడా దొరకలేదు. ఉప్పు కలిపినా కరెంటు పారుతుంది కదా అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. (పారుతుంది. అంతవరకు నేను కరెక్టే.)

మర్నాడు ఇన్‌స్పెక్టర్ గారు వెనక బెంచీలో కూర్చుని, నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీశారు. బక్కపలచటి మనిషి, ముఖంలో నవ్వు జాడ లేదు. నేను నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి తీగలు తగిలించాను. బుడగలు జోరుగా లేచాయి. మొదటి గొట్టం దగ్గర అగ్గిపుల్ల పెడితే టప్పుమని పేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు కాస్త ఊపిరాడింది. "రెండోది ఆక్సిజన్. ఇందులో అగరొత్తి భగ్గున మండుతుంది" అని ప్రకటించి, వెలిగించిన అగరొత్తి లోపల పెట్టాను. ఆరిపోయింది. ఇంకోటి పెట్టాను. అదీ ఆరిపోయింది. ఈలోగా గదంతా మురికి కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరు వాసన. ముందు బెంచీ దగ్గింది, తర్వాత ఇన్‌స్పెక్టర్ గారూ దగ్గారు.

"ఆక్సిజన్ ఏదమ్మా?" అన్నారు.

గుమ్మంలోంచి సేటు "బ్యాటరీ జర డౌన్ అయినట్టున్నది సార్" అని అందుకున్నాడు. నేను తలూపితే చాలు, గండం గడిచేది. కానీ పదకొండు మందీ నా ముఖంలోకే చూస్తున్నారు. "కాదండి, తప్పు నాదే. ఆమ్లం దొరక్క ఉప్పు వేశాను. ఆక్సిజన్ ఎందుకు రాలేదో నాకు తెలియదండి" అన్నాను. సేటు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు ఎందుకమ్మ లేచి నిలబడింది.

"సార్, గా వాసన నీళ్ళది కాదు, ఉప్పుది. సోడియం ఇచ్చిన ఎలక్ట్రాన్‌ని క్లోరిన్ దాసుకుంటదని మా టీచర్ చెప్పింది. గిప్పుడు కరెంటు దాన్ని మళ్ళ గుంజుకున్నట్టున్నది. గందుకే క్లోరిన్ బయటికొచ్చింది."

"కరెంటు ఎందుకు గుంజుకుంటది?"

"అదే నేను టీచర్ని అడుగుదామనుకుంటున్న సార్."

ఇన్‌స్పెక్టర్ గారు కిటికీలు తెరిపించి, నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఆమ్లం కోసం యాడాడ తిరిగినవమ్మా?" అని అడిగారు. అన్నీ చెప్పాను. ఆయన పెన్నుతో బ్యాటరీ మీద టకటక కొట్టి, "మరి దీంట్ల ఏమున్నదనుకున్నవ్?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే సేటు, "యాసిడే సార్! మొన్ననే పోయించిన!" అన్నాడు ఉత్సాహంగా. నేను ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియక నల్లబల్ల తుడవడం మొదలుపెట్టాను. (దాని మీద ఏమీ రాసి లేదు.)

నెల తర్వాత గుర్తింపు కాగితం వచ్చింది. దానితో పాటు ఇన్‌స్పెక్టర్ గారి రిపోర్టు. సేటు అందరి ముందూ గట్టిగా చదివాడు: "విద్యార్థులు చురుకుగా ఉన్నారు. ఉపాధ్యాయురాలు నేర్చుకొనుచున్నారు." పదకొండు మందీ ఎగిరి గంతేశారు. నాకు మాత్రం ఉక్రోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ పూట అన్నం కూడా తినకుండా అలిగి కూర్చున్నాను. పాఠాలు చెప్పీ చెప్పీ రిటైరయ్యాక ఇప్పుడనిపిస్తుంది, ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల పక్కన కూర్చుని, "తల్లీ, నీ సర్వీసు మొత్తంలో నీ గురించి ఇంతకన్నా మంచి మాట ఎవరూ రాయరు, లేచి అన్నం తిను" అని చెప్పాలని.